సూక్ష్మలోకమును కొలిచిన లీవెన్‌హుక్

బట్టను గజముబద్దతో కొలువవచ్చును. కాని కంటికే కనబడని వస్తువును దేనితో కొలువవలెను? ఈ ప్రశ్నకు తన జీవితమంతయు ధారపోసిన మహనీయుడు గొప్ప పండితుడు కాడు. ఒక బట్టల వర్తకుడు.

ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ 1632వ సంవత్సరము అక్టోబరు 24వ తేదీన హాలెండు దేశమునందలి డెల్ఫ్టు పట్టణమున జన్మించెను. అతని తండ్రి బుట్టలల్లి జీవించువాడు. ఆంటొనీ పసితనముననే తండ్రి మరణించెను. అతనికి ఉన్నతవిద్య లభింపలేదు. ఆనాటి పండితుల భాషయగు లాటిను అతనికి రాదు. పదునారేండ్ల ప్రాయమున ఆమ్‌స్టర్‌డాము నగరమునకు పోయి, ఒక బట్టల వర్తకునికడ పని నేర్చెను. 1654లో స్వస్థలమునకు మరలివచ్చి సొంత అంగడి తెరచెను.

నూలుపోగుల నాణ్యమును పరీక్షించుటకు ఆ కాలపు వర్తకులు భూతద్దమును వాడెడివారు. లీవెన్‌హుక్ అంతటితో తృప్తి చెందక, స్వయముగా గాజును సానపట్టి ఆవగింజంత కటకములను చేసెను. వానిని రెండు లోహపు రేకుల నడుమ బిగించి కంటికి చేరువగా పట్టుకొని చూచెడివాడు. అతని పరికరములలో నేటికిని నిలిచియున్న యొకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపును.

1674లో అతడొక చెరువునీటిని పరిశీలించి, అందు కదలాడు చిన్నప్రాణులను గాంచెను. 1676లో మిరియాల ఘాటునకు కారణమేమో తెలియగోరి, వానిని నీట నానవేసెను. కొన్నిదినముల పిమ్మట ఆ నీటిలో మునుపటివానికంటెను మిక్కిలి చిన్నవైన ప్రాణులు అసంఖ్యాకముగా కనబడెను.

అవి ఎంత చిన్నవి? చాల చిన్నవి అనుటతో అతడు ఊరకుండలేదు. అందరెరిగిన వస్తువులనే, అనగా ఇసుకరేణువును, తలవెంట్రుకను, పేనుకన్నును కొలమానములుగా గైకొనెను. ఆ ప్రాణులను నూరింటిని వరుసగా పేర్చినను ముతక ఇసుకరేణువు పొడవునకు చాలవని అంచనా వేసెను. పొడవునకు నూరు, వెడల్పునకు నూరు, ఎత్తునకు నూరు చొప్పున లెక్కించిన పదిలక్షలగును. అనగా ఒక్క రేణువంత స్థలమును నింపుటకు పదిలక్షల ప్రాణులైనను చాలవు!

ఈ సంగతులను అతడు డచ్చి భాషలో వ్రాసి లండనులోని రాయల్ సొసైటీకి పంపెను. అచటి పండితులకు నమ్మకము కలుగలేదు. అతడు తన ఉత్తమ పరిశీలన పద్ధతిని రహస్యముగా నుంచుటయు వారి సందేహమునకు తోడ్పడెను. అంతట లీవెన్‌హుక్ పట్టణమునందలి పెద్దలచే తన పరికరములలో చూపించి, వారి సాక్ష్యపత్రములను పంపెను. లండనులో రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు తానే మిరియాల నీటిని పరీక్షించెను. మొదట ఏమియు కానరాలేదు. పట్టువిడువక యత్నింపగా, 1677 నవంబరులో ఆ ప్రాణులు అతనికిని కనబడెను. బట్టల వర్తకుని మాట నిజమని తేలెను. 1680లో రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా ఎన్నుకొనెను. 1723లో, తొంబదియేండ్ల వయసున అతడు మరణించువరకును పరిశీలనలు మానలేదు.

నేడు సూక్ష్మవస్తువులకు నానోమీటరు అను కొలత కలదు. మిల్లీమీటరును పదిలక్షల భాగములు చేసిన, అందొక భాగము నానోమీటరు. తలవెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. ఎఱ్ఱరక్తకణపు వ్యాసము సుమారు 7,500. అనేక సూక్ష్మజీవుల పొడవు 1,000 మొదలు 3,000 వరకు. ఇన్‌ఫ్లుయెంజా వైరసు సుమారు 100 మాత్రమే. వెలుతురు తరంగములే ఇంతకంటె పొడవైనవి గావున, లీవెన్‌హుక్ కటకమునకు వైరసు అందలేదు. 1931లో జర్మనీ దేశమున మాక్స్ నోల్, ఎర్న్‌స్టు రుస్కా అనువారు వెలుతురునకు మారుగా ఎలక్ట్రానులను వాడు సూక్ష్మదర్శినిని నిర్మించిరి. అటుపిమ్మటనే చాల వైరసులు మానవుని కంటబడెను.

పరికరములు మారినవి, మార్గము మారలేదు. తెలియని దానిని తెలిసిన దానితో పోల్చి లెక్కించినపుడే దాని పరిమాణము మన బుద్ధికి అందును. ఇసుకరేణువును గజముబద్దగా చేసికొన్న ఆ వర్తకుడు లోకమునకు నేర్పిన పాఠమిదియే.