దత్తమండలముల మన్రో దొర

అనంతపురము సీమ వానలకు మొగము వాచిన నేల. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానలును ఇచ్చటికి అరకొరగానే చేరును. ఒక యేడు చెరువు నిండిన, మరుసటి యేడు అడుగున బీటలు కనబడును. ఇట్టి సీమలో భూమిశిస్తు నిర్ణయించుట యనగా రైతు బ్రదుకును త్రాసులో నుంచుటయే. 1800వ సంవత్సరమున ఆ త్రాసు ఒక పరదేశి చేతికి వచ్చెను. ఆయనయే థామస్ మన్రో.

మన్రో 1761వ సంవత్సరము మే 27వ తేదీన స్కాట్లండు దేశములోని గ్లాస్గో నగరమున జన్మించెను. ఆయన తండ్రి వర్తకుడు. అమెరికాలో స్వాతంత్ర్య యుద్ధము చెలరేగుటతో ఆ వర్తకము చితికిపోయెను. కుటుంబ భారమును పంచుకొనవలసిన ఆ యువకుడు ఈస్టిండియా కంపెనీ సైన్యములో చేరి, 1780లో చెన్నపట్టణమున దిగెను. హైదరాలీతో జరిగిన యుద్ధములలో పాల్గొనెను. తీరిక దొరికినప్పుడెల్ల హిందుస్తానీ, ఫారసీ భాషలను శ్రద్ధతో నేర్చుకొనెను.

1792లో బారామహలు సీమ కంపెనీ వశమయ్యెను. అచ్చట అలెగ్జాండరు రీడ్ అను సేనాని పాలనాధికారియై, మన్రోను సహాయకునిగా గైకొనెను. మన్రోకు పాలనావిద్యలో గురువు రీడే. పొలమును కొలువక పన్ను కట్టరాదనియు, రైతునకును ప్రభుత్వమునకును నడుమ మధ్యవర్తులు పనికిరారనియు ఆయన యొద్ద మన్రో ఏడేండ్లు నేర్చుకొనెను. రైతువారీ పద్ధతికి బీజము పడినది అచ్చటనే. గురుశిష్యుల నడుమ నేర్పడిన ఆ మైత్రి మన్రో జీవితమునకు దారి చూపెను.

1800లో నిజాము తన రాజ్యములోని బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను, కర్నూలు సీమలో కొంత భాగమును కంపెనీకి అప్పగించెను. వీనికే దత్తమండలములని పేరు. నేడు మనము రాయలసీమ యని పిలుచుచున్నది చాలవరకు ఈ భూభాగమే. మన్రో దానికి ప్రధాన కలెక్టరుగా నియమింపబడి, అనంతపురమును తన ముఖ్య స్థానముగా చేసికొనెను. అప్పటికి ఆ సీమ యుద్ధములచేతను, పాలెగాండ్ర కలహములచేతను నలిగియుండెను. మన్రో పాలెగాండ్రను కఠినముగా అణచివేసెను. పిదప నలుగురు సహాయ కలెక్టర్లతో పొలముల కొలతకు పూనుకొనెను.

మేడలో కూర్చుండి కాగితములు చూచి పన్ను కట్టుట మన్రోకు సరిపడదు. ఏడేండ్లును ఆయన గుర్రముపై ఊరూరు తిరిగెను. గుడారమే ఇల్లు. బండ్లబాటయైనను లేని పల్లెలకును గుర్రము ఆయనను చేర్చెను. రేగడి యెంత, ఎఱ్ఱనేల యెంత, బావిలో నీరు ఎన్ని నెలలుండును, చెరువుకట్ట గట్టిదా కాదా యని రైతులనే అడిగి తెలిసికొనెను. వారి మొరలను వారి నోటనే వినెను. ఇట్లు పాలకునకును ప్రజలకును నడుమ పరిచయమును, పరిచయము వలన మైత్రియు కలిగెను.

ఆయన పాలనలో కంపెనీ రాబడి మిక్కిలి పెరిగెను. పైయధికారులు సంతోషించిరి. కాని మన్రో మనస్సు ఊరడిల్లలేదు. 1803లో వానలు లేక పంటలు ఎండెను. 1804లో తుపాను వచ్చి చెరువులు తెగెను. తాను కట్టించిన పన్నే రైతు వీపుపై బరువుగా నున్నదని ఆయన గ్రహించెను. శిస్తును నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో ప్రభుత్వమునకు వ్రాసెను. ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆ యేడే ఆయన సెలవుపై స్వదేశమునకు పోయెను. తరువాత గ్రామములను గుత్తకిచ్చు పద్ధతి వచ్చి, గుత్తదార్లును రైతులును చితికిపోయిరి. 1820లో మన్రో చెన్నరాష్ట్రమునకు గవర్నరై వచ్చెను. పదమూడేండ్లకు పూర్వము తాను వేడిన తగ్గింపును ఆ యేడే దత్తమండలములలో అమలు జరిపెను.

మన్రో క్రైస్తవుడు. ఐనను ప్రజల మతవిశ్వాసములను గౌరవించెను. మంత్రాలయము మఠపు ఇనాము విచారణకై పోయినప్పుడు శ్రీ రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి మాటలాడిరని భక్తులు నేటికిని చెప్పుకొందురు. 1822లో ఒక ఉపకలెక్టరు క్రైస్తవ మతప్రచారము చేయగా, ప్రభుత్వోద్యోగి తన అధికారమును అట్టి పనికి వినియోగింపరాదని గవర్నరుగా మన్రో తీర్పు చెప్పెను. తన మతమును ప్రేమించువాడు పరుల మతమును చులకన చేయనక్కర లేదని ఆయన నడవడి తెలుపుచున్నది.

విద్య విషయమునను ఆయన మొదట లెక్క తీసెను. 1822లో రాష్ట్రమందలి బడులను గూర్చి కలెక్టర్లను విచారింపుమనెను. 12,498 బడులలో సుమారు 1,88,000 మంది చదువుచున్నట్లు తేలెను. పంతుళ్లలో పెక్కురకు నెలకు ఆరేడు రూపాయలైనను మించి రాదనియు, పేదరికమే చదువు క్షీణించుటకు కారణమనియు ఆయన గుర్తించెను. ప్రతి జిల్లాలోను, ప్రతి తాలూకాలోను బడులుండవలెననియు, ఉపాధ్యాయులకు శిక్షణమును, జీతమును ఈయవలెననియు 1826 మార్చి 10వ తేదీన ఒక ప్రణాళికను వ్రాసెను. కొన్ని బడులు వెలసినవి కాని, ఆయన పోయిన పిదప ఆ పని కుంటుపడెను.

1827లో స్వదేశమునకు పోవుటకు ముందు తన ప్రియమైన దత్తమండలములను కడసారి చూడగోరి మన్రో బయలుదేరెను. దారిలో పరివారమునకు కలరా సోకెను. జులై 6వ తేదీన పత్తికొండ మజిలీలో ఆయనకును ఆ వ్యాధి తగిలి, ఆ రాత్రియే ప్రాణములు విడిచెను. మరునాడు గుత్తిలో సమాధి చేసిరి. 1831లో ఆయన అస్థులను చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు తరలించిరి. పత్తికొండలో ఆయన పేర తోపును బావియు, గుత్తిలో సత్రమును వెలసినవి.

సీమ రైతులు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. 1839లో చెన్నపట్టణమున నెలకొల్పిన ఆయన కంచువిగ్రహము గుర్రముపై కూర్చున్నట్లుండును. ఆ గుర్రమునకు జీనును లేదు, రికాబులును లేవు. శిల్పి మరచెనని చూచువారు నవ్వుకొందురు. కాని గుర్రమెక్కి పల్లెల వెంట తిరిగినందుననే మన్రోకు రైతు కష్టము తెలిసెను. తెలిసిన పిదప ఆయన దానిని మరువలేదు. రాబడి పెంచి మెప్పు పొందిన చేతితోనే తగ్గింపునకై వ్రాసి, అధికారము కలిగిన నాడు ఆ మాట నిలుపుకొనెను.