జార్జి సైమన్ ఓము

రఘునాథపల్లిలో దీపము వెలిగినపుడెల్ల మావంటి యుపాధ్యాయు డొకడు కనుగొన్న నియమమే పనిచేయుచున్నది. ఓము 1789లో జర్మనీయందలి ఎర్లాంగెన్ పట్టణమున తాళములు చేయువాని యింట జన్మించెను. కొలోనులో బోధించుచు, తీగెలతో ప్రయోగములు సల్పెను. విద్యుద్ఘటముల బలము నిలుకడగా నుండకుండుటచే, 1826లో రాగిని బిస్మతుతో నతికి, ఒక యతుకును మరుగు నీటను, వేరొకదానిని మంచునను ఉంచి, స్థిరప్రవాహమును బడసెను. తండ్రి నేర్పిన చేతిపని యిచట నక్కరకు వచ్చెనని మా తలంపు.

ప్రవాహము పీడనము ననుసరించి హెచ్చును. నిరోధము హెచ్చిన తగ్గును. 230 వోల్టుల వద్ద అర ఆంపియరు గ్రహించు దీపమునకు, భాగించిన, నిరోధము 460 ఓములు. గుణించిన, సామర్థ్యము 115 వాట్లు.

1827 నాటి యాయన గ్రంథమును స్వదేశమున పెక్కురు నిరాదరించిరి. కొలువు విడిచి, 1833 వరకు స్థిరమగు నుద్యోగము లేకయే గడపెను. 1841లో లండను రాయల్ సొసైటీ కాప్లీ పతక మొసంగెను. మ్యూనిచ్ విశ్వవిద్యాలయమున ఆచార్యపీఠము లభించునప్పటి కాయనకు 63 ఏండ్లు. 1854లో మృతినొందెను.