నీటి పొలిమేరలను చదివిన నాన్సెన్

గోదావరి వరదకాలంలో అంతర్వేది వద్ద సముద్రాన్ని చూచినవారికి ఒక వింత తెలిసియే ఉంటుంది. నది తెచ్చిన ఎర్రనీరు, కడలి నీలినీరు కలిసిన క్షణమే ఏకమైపోవు. రెండింటి నడుమ గీత గీచినట్లు ఒక హద్దు చాలాదూరం కనబడుతుంది. ఉత్తరాన చలి సముద్రాలలో ఇటువంటి హద్దులు వందల మైళ్ల పొడవున ఉన్నవి. అక్కడ తేడా తెలుపడానికి మట్టిరంగు ఉండదు. ఒక ప్రక్క అట్లాంటిక్ మహాసముద్రం నుండి వచ్చే వెచ్చని ఉప్పునీరు. ఇంకొక ప్రక్క ధ్రువప్రాంతం నుండి దిగివచ్చే చల్లని, ఉప్పు తక్కువైన నీరు. ఈ హద్దును శాస్త్రజ్ఞులు ఫ్రంట్ అంటారు. మనం నీటి పొలిమేర అనవచ్చును. నార్వే దేశస్థుడైన ఫ్రిట్‌యోఫ్ నాన్సెన్‌ను లోకం ధ్రువయాత్రికుడుగా, శాంతి బహుమానం పొందిన మహనీయుడుగా ఎరుగును. ఆయన తన మంచి వయస్సును ఈ పొలిమేరల పరిశీలనకు ధారపోసినాడని ఎరిగినవారు తక్కువ.

నాన్సెన్ 1861 అక్టోబరు 10వ తేదీన, నేడు ఆస్లో అని పిలువబడే క్రిస్టియానియా నగరం చెంత జన్మించినాడు. తండ్రి న్యాయవాది. పిల్లవాడికి చదువుకంటె మంచుపై స్కీ కట్టెలతో జారడం, అడవులలో తిరగడం ఎక్కువ ప్రీతి. విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఎన్నుకొన్నది కూడా ఆరుబయట తిరిగే అవకాశం దొరుకుతుందనియే. 1882లో, ఇరువది ఏండ్ల ప్రాయంలో, వైకింగ్ అనే సీల్ వేట ఓడనెక్కి గ్రీన్‌లండ్ సముద్రానికి పోయినాడు. ఆ ఓడ వారాల తరబడి మంచులో చిక్కుకొన్నది. వేటగాండ్రకు అది నష్టకాలం. ఈ విద్యార్థికి మాత్రం పాఠశాల. మంచు సముద్రగర్భంలో పుట్టి పైకి తేలుతుందనే నమ్మకం అప్పటికింకా కొందరిలో ఉండినది. మంచు పైభాగాననే పుట్టుతున్నదనీ, పైనున్న చల్లని నీటిపొర క్రింద వెచ్చని అట్లాంటిక్ నీరు ప్రవహిస్తున్నదనీ ఆయన అక్కడ గ్రహించినాడు. కంటికి కనబడే మంచు అంచు ఒకటి, దాని క్రింద కనబడని అంచు మరొకటి.

1888లో నాడీమండలంపై పరిశోధనకు డాక్టరు పట్టం పొందినాడు. ఆ సంవత్సరమే గ్రీన్‌లండ్ మంచుపీఠాన్ని స్కీలపై అడ్డంగా దాటి కీర్తి గడించినాడు. అంతకుముందే 1884లో ఒక పత్రికావ్యాసం ఆయన మనస్సును పట్టుకొన్నది. జెనెట్ అనే అమెరికన్ ఓడ 1881లో సైబీరియాకు ఉత్తరాన మంచులో నలిగి మునిగినది. మూడేండ్లకు దాని శకలాలు గ్రీన్‌లండ్ నైరుతి తీరాన తేలినవి. అంటే నీరు, మంచు ధ్రువసముద్రాన్ని దాటి ప్రవహిస్తున్నవన్నమాట. అయితే ఒక ఓడను కావాలనియే ఆ మంచులో బిగించి వదిలితే? పెద్దలు పలువురు ఇది ఆత్మహత్యా ప్రయత్నమన్నారు. నాన్సెన్ ఒత్తిడికి నలగక పైకి లేచే గుండ్రని అడుగుతో ఓడ కట్టించి, ముందుకు అనే అర్థంగల ఫ్రామ్ అనే పేరు పెట్టి, 1893 జూన్ 24న, తానుగాక పన్నెండుగురితో బయలుదేరినాడు.

ఈ ప్రయాణం సాహసకథగానే ప్రసిద్ధమైనది గాని, నా దృష్టిలో దాని అసలు సంపద వేరు. సైబీరియా తీరం వెంట పోతూండగా ఒకచోట, ఇంజను పూర్తిగా పనిచేస్తున్నా, ఓడ ఎవరో పట్టి లాగినట్లు నిలిచిపోయినంత పని చేసినది. నావికులు దీనిని చచ్చిన నీరంటారు. బరువైన ఉప్పునీటిపై తేలికైన మంచినీరు పరచుకొన్నచోట, ఓడ శక్తి అంతా ఆ రెండు పొరల నడుమ అలలు లేపడానికే వ్యయమైపోతుంది; పైకి సముద్రం నిశ్చలంగానే ఉంటుంది. రెండవది, మంచు గాలి వీచిన దిక్కుకు తిన్నగా పోక, 20 నుండి 40 డిగ్రీలు కుడికి తొలగి పోతూండినది. ఇది భూభ్రమణ ఫలమని నాన్సెన్ ఊహించినాడు. స్వీడన్ దేశపు యువకుడు ఎక్మన్ ఆ రెండు చిక్కులనూ గణితంతో విప్పినాడు. వేసవి ముందు విశాఖపట్నం తీరాన నైరుతి గాలికి పైనీరు ఒడ్డునుండి తొలగి, లోతులోని చల్లనీరు పైకి వస్తుంది. 1950ల తొలి సంవత్సరాలలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జరిగిన ఆ పరిశోధనకు మూలసూత్రం ఈ మంచు నడకలో దొరికినదే.

మూడవది అన్నింటికంటె గొప్పది. ధ్రువసముద్రం లోతు తక్కువదని అంచనాతో వారు తీసుకొనిపోయిన లోతు కొలిచే తాడు చాలలేదు. ఓడలోని ఉక్కు మోకును విప్పి, పురులను కలిపి, పొడవైన తీగ చేసికొన్నారు. మూడువేల మీటర్లకు పైబడిన లోతు తేలినది! అందులో ఉష్ణమాపకం దింపగా, పైన గడ్డకట్టే చలినీరు, సుమారు రెండువందల మీటర్ల క్రింద సున్నకు మించిన వెచ్చనినీరు, మరల అడుగున చలి. నార్వే తీరం ప్రక్కగా వచ్చిన అట్లాంటిక్ నీరే, తేలికైన ధ్రువజలం క్రిందికి దూరి, అంతదూరం పోయినదన్నమాట.

1895 మార్చిలో ఓడను స్వెర్‌డ్రుప్ చేతికి అప్పగించి, యోహాన్సెన్‌తో కలిసి కుక్కబండ్లపై ధ్రువం వైపు నడిచినాడు. 86 డిగ్రీలు దాటి, అంతవరకు ఎవరూ చేరని ఉత్తరానికి చేరి, మంచు అడ్డగించగా వెనుదిరిగినాడు. ఫ్రాంజ్ జోసెఫ్ భూములలో రాతి గుడిసెలో ఒక శీతకాలం గడిపి, 1896 ఆగస్టు 13న ఇద్దరూ నార్వే చేరినారు. విచిత్రమేమంటే, ఫ్రామ్ కూడా ఆనాడే స్పిట్స్‌బెర్గెన్ చెంత మంచునుండి విడివడినది.

సన్మానాలు ముగిసిన పిమ్మట ఆయన లెక్కలకు కూర్చున్నాడు. లోతునీటి ఉప్పును గూర్చి ఫ్రామ్ తెచ్చిన అంకెలు తగినంత కచ్చితమైనవి కావని ఆయనకే తేలినది. సున్నకు దగ్గరైన చలిలో నీటి బరువును నిర్ణయించేది ముఖ్యంగా ఉప్పే, వేడిమి కాదు. కనుక వెయ్యిపాళ్లలో ఉప్పెంతో రెండవ దశాంశం వరకు తెలియనిదే పొలిమేర ఎక్కడున్నదో తెలియదు. ఈ పట్టుదలనుండియే, కోరిన లోతున తలక్రిందులై నీటిని బంధించి తెచ్చే నాన్సెన్ సీసా వచ్చినది. అది అనేక దశాబ్దాలపాటు ప్రపంచమంతటా పరిశోధక నౌకలపై వాడుకలో ఉండినది. 1900లో మైకేల్ సార్స్ అనే నౌకపై ఐస్‌లండ్, యాన్ మాయెన్ ద్వీపాల చుట్టు తిరిగినాడు. 1901లో అముండ్‌సెన్ తెచ్చిన కొలతలను పరిశీలించి, గ్రీన్‌లండ్ సముద్రంలో శీతకాలాన పైనీరే చలికి బరువెక్కి అడుగుకు దిగి, ఆ లోతులను నింపుతున్నదని 1906లో ప్రకటించినాడు.

ఇంతలో దేశం పిలిచినది. 1905లో నార్వే స్వీడన్‌నుండి విడిపోగా, 1906లో లండన్‌కు రాయబారిగా పోయినాడు. 1907 డిసెంబరులో భార్య ఈవా జబ్బుపడినదని తెలిసి బయలుదేరినాడు. ఇల్లు చేరకముందే ఆమె మరణించినది. మరుసటి ఏడు పదవి వదిలి, సముద్రశాస్త్ర ఆచార్యుడుగా తిరిగి కొలతల మధ్యకు వచ్చినాడు. 1909లో హెలాండ్-హాన్సెన్‌తో కలిసి వెలువరించిన నార్వే సముద్రం అనే గ్రంథం ఆ దినాలలో పూర్తియైనదే. వెచ్చని, చల్లని నీళ్ల హద్దు తిన్నని గోడ కాదనీ, అది వంకలు తిరిగి, సుడులుగా తెగి, అలలవలె ఊగుతూంటుందనీ అందులో కనబడుతుంది. ఆ ఊగిసలాటకూ, కాడ్ చేపల రాబడికీ, నార్వే చలికాలపు తీరుకూ గల సంబంధం వెదకినారు. నీళ్లు కలిసేచోట సూక్ష్మజీవులు పెరుగుతవి. వాటివెంట చేప, చేపవెంట పడవ. ఉత్తరాన బేర్ ద్వీపం ప్రాంతపు జాలరికి ఆ పొలిమేర కూటికి సంబంధించిన మాట.

1917లో వాతావరణ శాస్త్రవేత్త బ్యెర్క్‌నెస్ లైప్జిగ్ వదిలి బెర్గెన్ చేరినాడు. ఆ రాక వెనుక నాన్సెన్, హెలాండ్-హాన్సెన్‌ల ప్రోద్బలం ఉన్నది. ఆ బెర్గెన్‌లోనే యుద్ధం ముగిసే రోజులలో, చలిగాలి వెచ్చనిగాలి ఢీకొనే రేఖకు రణరంగంనుండి ఫ్రంట్ అనే పేరు తెచ్చి పెట్టినారు. అది తరువాత సముద్రానికీ అంటినది. నాన్సెన్‌కు మాత్రం అసలు రణరంగం మిగిల్చినవారే ఎదురైనారు. 1920లో నానాజాతి సమితి ఆయనకు యుద్ధఖైదీల పని అప్పగించినది. నాలుగు లక్షలకు పైగా బందీలను స్వదేశాలకు చేర్చినాడు. 1921లో రష్యా క్షామంలో తిండికై దేశదేశాల గడపలు తొక్కినాడు. ఏ దేశానికీ చెందనివారికి 1922లో ఆయన పేర పుట్టిన ప్రయాణపత్రాన్ని క్రమంగా ఏబదికి పైగా దేశాలు అంగీకరించినవి. ఆ ఏడే నోబెల్ శాంతి బహుమానం వచ్చినది. సొమ్మును సహాయకార్యాలకే ఇచ్చివేసినాడు. కాని మునుపటివలె సముద్రానికి తిరిగిపోయే తీరిక ఇక దొరకలేదు. ఆ లోటు శాస్త్రానికి చిన్నది కాదు. బ్రతికి ఇల్లు చేరిన ఖైదీ మాత్రం దానిని లోటనడు.

ఆయనకు ఆశ చావలేదు. వృద్ధాప్యంలో, ఆకాశనౌకపై ఉత్తరధ్రువ ప్రాంతాన్ని పరిశీలించే సంఘానికి అధ్యక్షుడై, తానూ పోదలచినాడు. 1930 మే 13న, లిసాకెర్‌లోని తన ఇంటి వరండాలో ప్రాణం విడిచినాడు. నార్వే జాతీయ దినమైన మే 17న అంత్యక్రియలు జరిగినవి. గ్రాఫ్ జెప్పెలిన్ ఆకాశనౌక మరుసటి ఏడు జూలైలో ఆ మంచుసముద్రంపైకి ఆయన లేకుండానే బయలుదేరినది.