అందరికీ ఒకటే బల్ల: గెర్ట్రూడ్ బ్లోమ్ జీవితం

గెర్ట్రూడ్ బ్లోమ్ 1901లో స్విట్జర్లాండ్‌లో ఒక పాస్టరు ఇంట పుట్టారు. మొదట తోటల పెంపకం, తర్వాత సమాజసేవ చదివారు. విలేఖరిగా జర్మనీ వెళ్లి, హిట్లర్‌కు వ్యతిరేకంగా పనిచేసి, ప్రాణాలు దక్కించుకుని బయటపడ్డారు. రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యాక ఫ్రాన్స్‌లో కొన్ని నెలలు నిర్బంధ శిబిరంలో ఉన్నారు. విడుదలై 1940లో మెక్సికో చేరారు. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు దగ్గరపడ్డాయి. దేశం కొత్త, బతుకూ కొత్తే.

అక్కడ ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీల స్థితిగతులను పరిశీలించే ఉద్యోగం దొరికింది. ఆ రోజుల్లోనే ఒక పాత కెమెరా కొనుక్కుని, ఫొటోలు తీయడం తనంతట తానే నేర్చుకున్నారు. 1943లో ప్రభుత్వ బృందంతో కలిసి చియాపాస్ రాష్ట్రంలోని లకాండోన్ అడవికి వెళ్లారు. మాయా జాతికి చెందిన లకాండోన్ ఆదివాసీలు అప్పటికి కొన్ని వందల మందే మిగిలారు. ఆ మనుషులు, ఆ అడవి ఆమె జీవితాన్నే మార్చేశాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన పురావస్తు పరిశోధకుడు ఫ్రాంజ్ బ్లోమ్ ఆ అడవిలోనే పరిచయమై, తర్వాత జీవిత భాగస్వామి అయ్యారు.

1950లో ఇద్దరూ శాన్ క్రిస్టోబాల్ పట్నంలో ఒక పాత పెద్ద ఇల్లు కొన్నారు. దానికి 'నా బోలోమ్' అని పేరు. మనకు 'నా' అంటే నాది. అక్కడి జోత్సిల్ భాషలో 'నా' అంటే ఇల్లు. బోలోమ్ అంటే జాగ్వార్, చిరుతను పోలిన అడవి మృగం. తోట పెంచి, గదులు బాగుచేసి అతిథులకు అద్దెకిచ్చారు. ఆ డబ్బు అడవి యాత్రలకు, ఆదివాసీల అవసరాలకు వెళ్లేది. వైద్యం కోసం పట్నానికి వచ్చిన లకాండోన్లకు మాత్రం బస ఉచితం.

ఆ కాలంలో ఆ ఊళ్లో ఎదురుగా తెల్లవాళ్లు వస్తే ఆదివాసీలు కాలిబాట దిగి దారి వదలాలి. అలాంటి ఊళ్లో ఈ ఇంటి భోజనాల బల్ల ఒక్కటే. డబ్బు కట్టిన విదేశీయుడు, పేరున్న ప్రొఫెసరు, అడవి నుంచి వచ్చిన లకాండోన్ ఆ బల్ల దగ్గరే పక్కపక్కన కూర్చునేవారు. గెర్ట్రూడ్‌కు కోపం ఎక్కువని పేరు. కానీ ఆ బల్ల దగ్గర ఎవరికీ చిన్నచూపు లేదు.

1963లో ఫ్రాంజ్ మరణించారు. ఒకపక్క కలప కోసం, పశువుల మేత కోసం అడవిని నరికేస్తున్నారు. ఆమె కెమెరా అటు తిరిగింది. మోడులను, కాలిన నేలను ఫొటోలు తీసి, దేశదేశాల సభల్లో చూపించి అడిగారు. 1970లలో, డెబ్బై ఏళ్లు దాటాక, నర్సరీ పెట్టి మొక్కలు ఉచితంగా పంచారు. పడుచు వయసులో చదివిన తోటల చదువు అప్పుడు అక్కరకు వచ్చింది. 1991లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆమెను గ్లోబల్ 500 పురస్కారంతో గౌరవించింది. అయినా అడవి నరికివేత ఆగలేదు.

1993 డిసెంబరు 23న, 92వ ఏట ఆమె కన్నుమూశారు. వేల ఫొటోలు మిగిలాయి. తర్వాత కూడా ఆ ఇల్లు మ్యూజియంగా, అతిథి గృహంగా నడిచింది. ఆమె పోయిన తొమ్మిది రోజులకే, 1994 జనవరి 1న, చియాపాస్ ఆదివాసీలు భూమి కోసం, గౌరవం కోసం తిరుగుబాటు చేశారు. శాన్ క్రిస్టోబాల్ వీధుల్లోకే నడిచి వచ్చారు.

మిత్రులారా! పంక్తిలో పక్కన చోటు దొరకడం ఎంత పెద్ద విషయమో హాస్టల్లో పెరిగిన మనకు వేరే చెప్పనక్కర్లేదు. రేపు మనం కట్టుకునే ఇంట్లోనూ అలాంటి బల్ల ఒకటి వేద్దాం.