వానలో కప్పు అందుకున్న పాప్వా

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట ఉంది మన హంసలదీవి. జనం పాపాలు మోసి మోసి నల్లబడ్డ గంగ కాకి రూపంలో వచ్చి ఇక్కడ మునిగి, తెల్లటి హంసై లేచిందని స్థలపురాణం. దివిసీమలో పుట్టిన ప్రతి పిల్లవాడూ విన్న కథే ఇది. పాపానికి నలుపు, పుణ్యానికి తెలుపు అని రంగులు పంచింది ఎవరో, ఆ పంపకంలో ఊరి చివరికి నెట్టబడింది ఎవరో మనకు వేరే చెప్పనక్కర్లేదు. ఆ పంపకాన్నే చట్టపుస్తకంలో రాసుకుని దశాబ్దాల పాటు నడిపిన దేశం దక్షిణాఫ్రికా. అక్కడ తన ఆటతో ఆ చట్టాన్ని ప్రపంచం ముందు సిగ్గుపడేలా చేసిన గోల్ఫ్ ఛాంపియన్ పాప్వా సెవ్‌గోలమ్.

అసలు పేరు సెవ్‌సంకర్. మన శివశంకరే. ఆంగ్లంలో రాసేవాళ్ళ చేతుల్లో పడి అలా మారింది. పేరు తీరు ఉత్తరాదిది. కానీ ఆయన పెరిగిన డర్బన్ భారతీయ వాడలు మన తెలుగువాళ్ళకి పరాయివి కావు. 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ మొదటి కూలీలను డర్బన్ రేవులో దింపింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా అలా వెళ్ళారు. అందులో దాదాపు మూడింట రెండు వంతుల మంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళే. తమిళులు, వాళ్ళతో పాటు కోస్తా జిల్లాల తెలుగువాళ్ళు. అయిదేళ్ళ ఒప్పందం మీద చెరకు తోటల్లో చాకిరీ. భూమి లేనివాళ్ళు, కరువుకి చితికినవాళ్ళు, ఊళ్ళో కులం భరించలేక పారిపోయినవాళ్ళు ఆ ఓడల్లో ఉన్నారు. కులాన్ని సముద్రం దాటించి వెంట తీసుకెళ్ళినవాళ్ళూ ఉన్నారు లెండి. కానీ దిగిన చోట అందరికీ కలిపి ఒకే వెలి ఎదురైంది.

పాప్వా తల్లికి చూపు లేదు. ఇల్లు పేదది. బడి చదువు అబ్బలేదు. డర్బన్‌లోని బీచ్‌వుడ్ గోల్ఫ్ క్లబ్‌లో తెల్లదొరల సంచులు మోసే క్యాడీగా పిల్లవాడిగానే పనిలో చేరాడు. గోల్ఫ్ ఆడినవాళ్ళు మనలో తక్కువే కాబట్టి ఒక మాట. రకరకాల కర్రలున్న బరువైన సంచిని ఆటగాడి వెంట పద్దెనిమిది గుంతలూ తిరుగుతూ మోయాలి. ఏ దెబ్బకి ఏ కర్ర తీయాలో, గాలి ఎటు వీస్తోందో, గడ్డి ఎటు వాలిందో క్యాడీ గమనిస్తూ ఉండాలి. అంటే ఆట మొత్తం అతని కళ్ళ ముందే నడుస్తుంది, ఆడటానికి మాత్రం వీల్లేదు. చెట్టుకొమ్మ విరిచి చెక్కిన కర్రతో పాప్వా తనంతట తానే ఆట నేర్చుకున్నాడు.

నేర్పేవాడు లేకపోవడం వల్ల ఆయన పట్టు లోకానికి తిరగేసి ఉండేది. కుడిచేతి వాటం ఆటగాడు కర్ర మీద ఎడమచెయ్యి పైన, కుడిచెయ్యి కింద పెట్టాలి. పాప్వా కుడిచెయ్యి పైన, ఎడమచెయ్యి కింద పెట్టేవాడు. పాఠాలు చెప్పేవాళ్ళెవరూ ఒప్పుకోని పట్టు అది. దాంతోనే ఆయన శ్వేతేతరుల పోటీలన్నిట్లో పేరు తెచ్చుకున్నాడు. శ్వేతేతరుల పోటీలు అని ఎందుకంటున్నానంటే, తెల్లవాళ్ళ పోటీలు వేరు, మిగతావాళ్ళవి వేరు. మైదానాలూ వేరే. మంచి గడ్డి ఎవరిదో ఊహించుకోవచ్చు.

ఆయన ప్రతిభను గుర్తించింది బీచ్‌వుడ్‌లో ఆడే గ్రాహమ్ వుల్ఫ్ అనే తెల్ల వ్యాపారి. మన ఇళ్ళలో ఓలే క్రీము అంటామే, దాని మూలమైన ఆయిల్ ఆఫ్ ఓలేని కనిపెట్టిన మనిషి. ఆయన పూనుకుని 1959లో పాప్వాని యూరప్ తీసుకెళ్ళాడు. ఆ ఏడాదే పాప్వా డచ్ ఓపెన్ గెలిచాడు. మరుసటి ఏడాది మళ్ళీ గెలిచాడు. 1964లో మూడోసారీ గెలిచాడు. పలకా బలపం పట్టని క్యాడీ ఒక యూరప్ దేశపు జాతీయ టోర్నమెంటును మూడుసార్లు గెలవడం అప్పటికీ ఇప్పటికీ మామూలు సంగతి కాదు. 1963 బ్రిటిష్ ఓపెన్‌లో పదమూడో స్థానంలో నిలిచాడు. ఒక దొర దయ వల్ల ఎదిగాడని ఈ కథ చెప్పేవాళ్ళున్నారు. నాకది నచ్చదు. దొర విమానం ఎక్కించగలడు గానీ కర్ర పట్టింది పాప్వా చేతులే.

పరాయి దేశంలో ఛాంపియన్, సొంత ఊళ్ళో వెలివాడ మనిషి. తెల్లవాళ్ళతో కలిసి ఆడాలంటే ప్రభుత్వం నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. ఏ జాతి ఎక్కడ ఉండాలో గీత గీసిన గ్రూప్ ఏరియాస్ చట్టం అది. అలా అనుమతి మీదే 1963 జనవరిలో డర్బన్ కంట్రీ క్లబ్‌లో నాటాల్ ఓపెన్ ఆడాడు. తెల్లవాళ్ళ మధ్య ఆడి గెలిచాడు. కానీ క్లబ్ భవనంలో అడుగు పెట్టే హక్కు ఆయనకి లేదు. ఆటలో ఓడినవాళ్ళు లోపలికి వెళ్ళొచ్చు, గెలిచినవాడు వెళ్ళకూడదు. బహుమతి బయటే ఇచ్చారు. అప్పుడు వాన కురుస్తోంది. ఆ వానలోనే పాప్వా కప్పు అందుకున్నాడు.

ఆ ఫోటో దేశదేశాల పత్రికల్లో వచ్చింది. వర్ణవివక్ష అంటే ఏమిటో ఉపన్యాసాలతో తెలియనివాళ్ళకి ఆ ఒక్క ఫోటోతో తెలిసింది. దక్షిణాఫ్రికాను ఆటల నుంచి వెలివేయాలన్న ఉద్యమానికి అది బలమైంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌కి ఆ దేశాన్ని రానివ్వలేదు.

మనకి ఆ ఫోటో చూడగానే ఇంకో మనిషి గుర్తుకు రావాలి. పల్వంకర్ బాలూ. చమార్ కులంలో పుట్టి, పుణెలో తెల్లదొరలకు బంతులేసి, హిందూ జట్టులో చేరి 1911 ఇంగ్లండ్ పర్యటనలో నూరు వికెట్లకు పైగా తీసిన బౌలర్. ఆట మధ్యలో తోటి ఆటగాళ్ళు పెవిలియన్‌లో పింగాణీ కప్పుల్లో టీ తాగుతుంటే, బాలూకి బయట మట్టి ముంతలో పోసేవాళ్ళు. మన ఊళ్ళ టీ కొట్లలో నడిచిన రెండు గ్లాసుల పద్ధతికి అది క్రికెట్ మైదానపు రూపం. బంతి అతని చేతి నుంచి వస్తే అంటు లేదు, గ్లాసు తాకితే ఉంది. డర్బన్‌లో గడ్డి తొక్కితే ఫరవాలేదు, గడప తొక్కితే నేరం.

పాప్వా ఉపన్యాసాలిచ్చే మనిషి కాదు. అనుమతి చీటీ పట్టుకుని ఆడటం తలవంచడం కాదా అని ఇవాళ మనం సులువుగా అడగొచ్చు. కానీ ఆ చీటీతో లోపలికి వెళ్ళి ఆయన చేసింది గెలవడం. రంగు వల్ల ప్రతిభ వస్తుందని నమ్మే రాజ్యానికి నినాదం కంటే ఆ గెలుపే ఎక్కువ భయం పుట్టించింది. 1965లో నాటాల్ ఓపెన్ మళ్ళీ గెలిచాడు. ఈసారి వెనకబడినవాళ్ళలో గ్యారీ ప్లేయర్ ఉన్నాడు. అప్పటికే ప్రపంచ ఛాంపియన్, తెల్ల దక్షిణాఫ్రికా గర్వంగా చూపించుకునే ఆటగాడు. ఆ రోజుల్లో తన ప్రభుత్వ విధానాన్ని పుస్తకంలో సమర్థించి, తర్వాత ఎప్పటికో మనసు మార్చుకున్నవాడు.

ఆ గెలుపుకి శిక్ష పడింది. ఇక మీదట పెద్ద పోటీలకు పాప్వాకి అనుమతి ఇవ్వలేదు. గోల్ఫ్ మైదానాల్లో ప్రేక్షకుడిగా నిలబడటం కూడా కుదరకుండా చేశారు. పాస్‌పోర్టు తీసేసుకున్నారు. ఇంట్లో ఆడనివ్వరు, బయటికి పోనివ్వరు. గోల్ఫ్ ఆటగాడికి నలభై ఏళ్ళ దగ్గర కూడా మంచి ఆట మిగిలి ఉంటుంది. ఆ ఏళ్ళన్నీ ఆయన నుంచి లాగేసుకున్నారు. ఆటే జీవనాధారమైన మనిషికి ఆ నిషేధం అంటే ఇంట్లో పొయ్యి ఆరిపోవడమే. పేదరికంలోనే బతికి, 1978లో గుండెపోటుతో చనిపోయాడు. అప్పటికి యాభై ఏళ్ళు కూడా దాటలేదు. అందరికీ ఓటున్న ఎన్నికలు ఆ దేశంలో జరగడానికి ఇంకా పదహారేళ్ళు ఉంది.

ఇప్పుడు డర్బన్‌లో ఉమ్‌గేని నది పక్కన ఉన్న గోల్ఫ్ మైదానానికి పాప్వా సెవ్‌గోలమ్ పేరు ఉంది.