ఎవరూ చూడని చోట లెక్క తప్పని అడుగులు



వేసవి సెలవుల్లో పిల్లల్ని హిమాలయ ట్రెక్కింగ్ క్యాంపులకు పంపేవారు ఇప్పుడు మన స్కూల్లో కూడా చాలామందే ఉన్నారు. బూట్లు, జాకెట్లు, టోపీలు, మందులు అన్నీ సర్ది, రోజూ సాయంత్రం ఫోన్ చేయమని పదిసార్లు చెప్పి మరీ పంపుతారు. అది సహజమే. ఈ నెల మీకు అవే కొండల్లో నడిచిన ఒక మనిషి గురించి చెబుతాను. ఆయన దగ్గర ఫోను లేదు, మ్యాపు లేదు. అసలు ఆయన వెళ్ళిందే మ్యాపు తయారు చేయడానికి. ఆయన పేరు నైన్ సింగ్ రావత్. వృత్తిరీత్యా బడిపంతులు.

నైన్ సింగ్ 1830లో కుమావూ కొండల్లోని జోహార్ లోయలో పుట్టారు. ఆయన కుటుంబానిది మిలం అనే ఊరు. ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని పిథోరాగఢ్ జిల్లాలో, సముద్రమట్టానికి 3,400 మీటర్ల ఎత్తున, పెద్ద హిమానీనదం పక్కన ఉంటుంది. చలికాలం వస్తే ఊరంతా ఇళ్ళకు తాళాలు వేసి కిందికి దిగిపోవాల్సిందే. ఆ లోయవాళ్ళు తరతరాలుగా టిబెట్‌తో వ్యాపారం చేసేవారు. ఇక్కడి నుంచి ధాన్యం, బట్టలు తీసుకెళ్ళి, అక్కడి నుంచి ఉప్పు, ఉన్ని తెచ్చేవారు. అందుకే ఆయనకు టిబెటన్ భాష, అక్కడి మర్యాదలు చిన్నప్పుడే వచ్చేశాయి. 1855లో ష్లాగింట్‌వైట్ అనే ఇంటిపేరు గల జర్మన్ అన్నదమ్ములు హిమాలయాలను పరిశీలించడానికి వచ్చినప్పుడు వారి వెంట వెళ్ళి, కొలత పరికరాలు వాడటం కొంత నేర్చుకున్నారు. ఆ తర్వాత కొన్నేళ్ళు మిలం ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. ఆయన్ని అందరూ పండిత్ అని పిలిచింది అందుకే.

ఆ రోజుల్లో భారతదేశమంతా గ్రేట్ ట్రిగ్నమెట్రికల్ సర్వే జరుగుతోంది. 1802లో మద్రాసు దగ్గర మొదలైన ఆ కొలత మన తెలుగు ప్రాంతాల మీదుగానే ఉత్తరానికి సాగి హిమాలయాల దాకా చేరింది. అక్కడితో ఆగిపోయింది. టిబెట్‌లోకి యూరోపియన్లకు ప్రవేశం లేదు. దొరికితే ప్రాణాలకే ముప్పు. లాసా నగరం భూమ్మీద కచ్చితంగా ఎక్కడ ఉందో, ఎంత ఎత్తులో ఉందో సర్వేవారికి తెలియదు. థామస్ మాంట్‌గొమెరీ అనే సర్వే అధికారికి అప్పుడొక ఆలోచన వచ్చింది. తెల్లవాళ్ళు వెళ్ళలేని చోటికి కొండప్రాంతపు భారతీయులు వ్యాపారులుగానో యాత్రికులుగానో వెళ్ళగలరు కదా! అలా 1863లో నైన్ సింగ్‌ను, ఆయన బంధువు మణి సింగ్‌ను డెహ్రాడూన్‌కు పిలిపించి రెండేళ్ళు శిక్షణ ఇచ్చారు.

ఆ శిక్షణ ఎలా ఉండేదో మీ పిల్లలకు తప్పక చెప్పండి. అన్నిటికంటే ముందు నడక. ఎత్తు ఎక్కుతున్నా, దిగుతున్నా, చదునులో ఉన్నా ప్రతి అడుగూ ఒకే పొడవు ఉండాలి. మైలు దూరానికి సుమారు రెండు వేల అడుగులు వేసేలా కాళ్ళను అలవాటు చేశారు. లెక్క తప్పకుండా చేతికి ఒక జపమాల ఇచ్చారు. మామూలు జపమాలకు 108 పూసలుంటాయి. దీనికి 100 మాత్రమే. వంద అడుగులకు ఒక పూస జరపాలి. మాల పూర్తయితే పది వేల అడుగులు, అంటే దాదాపు ఐదు మైళ్ళు. బౌద్ధులు తిప్పే ప్రార్థనా చక్రంలో మంత్రం రాసిన కాగితం ఉంటుంది. ఆయన చక్రంలో మాత్రం కొలతలు రాసుకునే చీటీలుండేవి. దారిలో ఎవరైనా ఎదురైతే చక్రం తిప్పుతూ జపంలో ఉన్నట్టు నడిచేవారు. జపం చేసుకునేవారిని పలకరించకూడదు గనుక లెక్క చెదిరేది కాదు. థర్మామీటరు చేతికర్రలో, పాదరసం గవ్వల్లో, నక్షత్రాల ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్ పెట్టె అడుగున ఉన్న రహస్యపు అరలో దాచారు.

థర్మామీటరు ఎందుకంటారా? కొండ ఎక్కే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. సముద్రమట్టం దగ్గర 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగే నీళ్ళు లాసాలో సుమారు 88 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి టీకి పెట్టిన నీళ్ళలో థర్మామీటరు ముంచితే ఆ చోటు ఎంత ఎత్తులో ఉందో లెక్క కట్టొచ్చు. అంత ఎత్తులో మూతలేని గిన్నెలో పప్పు ఎందుకు ఉడకదో, ప్రెషర్ కుక్కర్ ఎందుకు కావాలో కూడా దీనితోనే అర్థమవుతుంది.

1865 జనవరిలో నైన్ సింగ్, మణి సింగ్ డెహ్రాడూన్ నుంచి బయలుదేరి మార్చిలో ఖాట్మండు చేరారు. టిబెట్ సరిహద్దులో అధికారులు సామానంతా వెతికారు. దాచిన పరికరాలు బయటపడలేదు కానీ లోపలికి మాత్రం వెళ్ళనివ్వలేదు. ఇద్దరూ వెనక్కి తిరగాల్సి వచ్చింది. అక్కడి నుంచి వారి దారులు వేరయ్యాయి. నైన్ సింగ్‌ను తనతో తీసుకెళ్తానన్న ఒక వ్యాపారి అప్పు తీసుకుని మోసం చేశాడు. అయినా ఆయన ఇంటిదారి పట్టలేదు. లదాఖీ వేషంలో మళ్ళీ ప్రయత్నించి సరిహద్దు దాటారు. తర్వాత లదాఖ్ వ్యాపారుల బిడారులో చేరి, 1866 జనవరి 10న లాసాలో అడుగుపెట్టారు.

లాసాలో ఉన్నన్నాళ్ళూ రాత్రిపూట రహస్యంగా నక్షత్రాలను కొలిచేవారు. చేతిలో డబ్బు అయిపోతే నేపాలీ వర్తకులకు పద్దులు రాయడం నేర్పి పొట్ట పోసుకున్నారు. ఎక్కడికెళ్ళినా పంతులు పంతులే! ఇద్దరు కాశ్మీరీ వర్తకులు ఆయన వేషాన్ని కనిపెట్టేశారు. అయినా బయటపెట్టలేదు సరికదా, ఆయన గడియారం తాకట్టు పెట్టుకుని అప్పు కూడా ఇచ్చారు. అనుమతి లేకుండా వచ్చిన ఒక చైనీయుడికి నడివీధిలో తల నరికి శిక్ష వేయడం నైన్ సింగ్ కళ్ళారా చూశారు. దొరికితే తన గతీ అంతేనని తెలిసి కూడా లెక్క మానలేదు. ఏప్రిల్‌లో అదే బిడారుతో తిరుగుప్రయాణమై, సాంగ్‌పో నది దారి వెంట మానససరోవరం దాకా వచ్చి, అక్టోబర్‌లో డెహ్రాడూన్ చేరారు. అంతా కలిపి సుమారు 1,200 మైళ్ళు, 25 లక్షల అడుగులు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ 25 లక్షల అడుగుల్లో ఒక్కటైనా లెక్కపెట్టడం చూసినవారు ఎవరు? మంచు గాలిలో వేళ్ళు కొంకర్లు పోతుంటే రెండు పూసలు ఎక్కువ జరిపినా అడిగేవారు లేరు. ఒక రోజు లెక్క వదిలేసి రాత్రి టెంటులో ఉజ్జాయింపుగా ఒక అంకె రాసుకున్నా పట్టుకునేవారు లేరు. ఆయన తెచ్చిన అంకెలను సరిచూడటానికి ఆయన్ని పంపిన అధికారులు కూడా అక్కడికి వెళ్ళలేరు. అయినా లాసా అక్షాంశం ఆయన కొలతలో 29 డిగ్రీల 39 నిమిషాలు వచ్చింది. నేటి మ్యాపుల్లోనూ అంతే ఉంది. మరిగే నీళ్ళతో కట్టిన లాసా ఎత్తు సుమారు 3,570 మీటర్లు. ఇప్పటి లెక్క దాదాపు 3,650. తేడా ఎంతో చూడండి!

మరుసటి ఏడాది, 1867లో, ఆయన ఇంకొందరితో కలిసి బదరీనాథ్ మీదుగా 5,600 మీటర్ల ఎత్తున్న మానా కనుమ దాటి టిబెట్‌లోని థోక్ జాలుంగ్ బంగారు గనులకు వెళ్ళారు. అది దాదాపు 5,000 మీటర్ల ఎత్తు. అక్కడ మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ కింద దొరికే దానిలో సగం కంటే కొంచెమే ఎక్కువ. గాలి కోతకు తట్టుకోలేక గని పనివాళ్ళు గోతులు తవ్వి వాటిలో డేరాలు వేసుకునేవారు. తవ్వకాలు ఎక్కువగా చలికాలంలోనే జరిగేవి. గడ్డకట్టిన నేల విరిగిపడదు కాబట్టి. ఇలాంటి సంగతులన్నీ ఆయన రాసుకొచ్చినవే.

చివరి యాత్ర 1874 జులైలో లేహ్ నుంచి మొదలైంది. ఈసారి కొద్దిమంది సహాయకులు, సామాను మోయడానికి గొర్రెలు, అంతే. ఉత్తర టిబెట్‌లోని ఎత్తైన పీఠభూమి మీదుగా, సరస్సుల పక్కనుంచి నడిచి నవంబర్‌లో లాసా చేరారు. తనను గుర్తుపట్టేవారు ఊళ్ళో ఉన్నారని తెలియడంతో రెండు రోజులకే బయటపడ్డారు. కానీ వెళ్ళే ముందు అప్పటిదాకా రాసిన కొలతల కాగితాలను ఇద్దరు మనుషులకిచ్చి లేహ్‌కు పంపేశారు. తనకేమైనా అయినా లెక్క మిగలాలి కదా. తవాంగ్‌లో దాదాపు రెండు నెలలు కదలనివ్వలేదు. 1875 మార్చి 1న అస్సాంలోని ఉదాల్‌గురి చేరేసరికి ఆయన ఆరోగ్యం, కంటిచూపు బాగా దెబ్బతిన్నాయి. ఆ తర్వాత యాత్రలు మాని, కొత్తవారికి ఈ పని నేర్పారు. మళ్ళీ పంతులయ్యారు.

ఇన్నేళ్ళూ బయటి ప్రపంచానికి ఆయన పేరు తెలియదు. ప్రాణభయం వల్ల నివేదికల్లో ఆయన్ని పండిత్ అని మాత్రమే రాసేవారు. 1868లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ బంగారు గడియారం పంపింది. 1877లో, పేరు బయటికి వచ్చాక, తన బంగారు పతకం ఇచ్చింది. 2004లో మన తపాలా శాఖ ఆయన మీద స్టాంపు విడుదల చేసింది.

ఈ కథ చెబితే మీ పిల్లలు ఒక ప్రశ్న వేయొచ్చు. మారువేషం వేసి పరాయి దేశంలోకి వెళ్ళడం మోసం కాదా అని. ఆ ప్రశ్నను దాటవేయకండి. ఆ పని వెనుక బ్రిటిష్ ప్రభుత్వ స్వార్థం ఉంది. టిబెట్ వాళ్ళ భయం కూడా ఉత్తది కాదు. 1904లో బ్రిటిష్ సైన్యం నిజంగానే లాసా చేరింది. నైన్ సింగ్ తన పేరు దాచారు, ఊరు దాచారు, వృత్తి దాచారు. అది తప్పా ఒప్పా అని ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకోండి, భిన్నాభిప్రాయాలు వచ్చినా పరవాలేదు. ఒక్క సంగతి మాత్రం వారికి గుర్తుచేయండి. అన్ని అబద్ధాల మధ్య తిరిగిన ఆ మనిషి చీటీ మీద రాసే అంకెలో మాత్రం అబద్ధం కలపలేదు.

ఒక టీచర్‌గా నాకు ఈయన కథ ఎందుకు ముఖ్యమో చెబుతాను. ప్రాజెక్టులు జమ చేసే రోజు మా స్టాఫ్ రూమ్ బల్ల నిండిపోతుంది. కొన్ని ఎంత అందంగా ఉంటాయంటే, అవి పదేళ్ళ పిల్లల చేతిపని కాదని చూడగానే తెలిసిపోతుంది. షాపులో చేయించినవి కొన్ని, అమ్మానాన్నలు రాత్రి పన్నెండింటి దాకా కూర్చుని చేసినవి కొన్ని. మీ ప్రేమ నాకు అర్థమవుతుంది. పక్క పిల్లాడి మోడల్ ముందు మన పిల్ల చిన్నబోకూడదనే తాపత్రయం కూడా అర్థమవుతుంది. కానీ దాని పక్కనే గీతలు వంకర పోయి, జిగురు మరకలు పడి, ఒకటి రెండు కొలతలు కొట్టేసి మళ్ళీ రాసిన ప్రాజెక్టు ఉంటుంది చూడండి, ఆ పాపకు ఏం వచ్చో, ఏం రాదో నాకు ఆ కాగితమే చెబుతుంది. మర్నాడు ఎక్కడి నుంచి పాఠం మొదలుపెట్టాలో దానివల్లే తెలుస్తుంది. తప్పుడు అంకె మీద మ్యాపు గీయలేనట్టే, పిల్లలది కాని పని చూసి పిల్లలకు పాఠం చెప్పలేం.

ఈ ఆదివారం ఒక చిన్న పని చేయించండి. మీ గుమ్మం నుంచి స్కూల్ బస్ ఆగే చోటి దాకా పిల్లలను నడిచి అడుగులు లెక్కపెట్టమనండి. వంద అడుగులకు ఒక చింతగింజ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారాలి. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ లెక్కపెట్టమనండి. రెండు లెక్కలూ దాదాపుగా ఎప్పుడూ కలవవు. మూడోసారి వెళ్ళాలా, రెండింట్లో ఒకటి కొట్టేయాలా, ఉన్నదున్నట్టు రెండూ రాయాలా అన్నది వాళ్ళే తేల్చుకుంటారు. మీరు వెంట వెళ్ళకండి, గుమ్మం దగ్గరే ఉండండి. సోమవారం ఆ కాగితం నాకు పంపించండి, కొట్టివేతలతో సహా.