వట్టిపోయిన బావులకు ఊట తెచ్చిన రాబర్ట్స్

మన పల్లెలలో బావి ఊట తగ్గినప్పుడు రైతు వెంటనే దానిని విడిచి వేరొక బావి త్రవ్వడు. మొదట పూడిక తీయించి ఊటకు దారి చేస్తాడు. చమురు బావుల విషయంలో ఇట్టి ఆలోచననే ఆచరణలో పెట్టి చరిత్రకెక్కిన వ్యక్తి ఎడ్వర్డ్ రాబర్ట్స్.

ఆయన 1829వ సంవత్సరంలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జన్మించినాడు. వృత్తి దంతవైద్యం. అమెరికా అంతర్యుద్ధంలో న్యూజెర్సీ పటాలమున లెఫ్టినెంట్ కర్నల్‌గా ఉత్తర రాష్ట్రాల పక్షాన పోరాడినాడు. 1862 డిసెంబరులో ఫ్రెడరిక్స్‌బర్గ్ యుద్ధరంగంలో ఫిరంగి గుండ్లు ఇరుకైన కాలువలో పడి ప్రేలడం చూచినాడు. మీది నీటి బరువు ప్రేలుడు శక్తిని పైకి పోనీయక ప్రక్కలకు మళ్ళిస్తుందన్న భావం ఆయన మనస్సులో నాటుకొన్నది.

1859లో డ్రేక్ పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ వద్ద చమురు తీసిన పిమ్మట ఆ ప్రాంతమంతా బావులతో నిండిపోయినది. అయితే అనేక బావులు కొంతకాలం విరివిగా చమురిచ్చి వట్టిపోయేవి. చమురు రాతిపొరల సందులలో మిగిలియున్నను, దానితో కలిసివచ్చే పారఫిన్ మైనం పేరుకొని ఆ సందులను మూసివేసేది.

1865 జనవరి 21న రాబర్ట్స్ టైటస్‌విల్ సమీపాన "లేడీస్ వెల్" అనే బావిలో తన ప్రయోగం జరిపినాడు. తుపాకిమందు కూరిన ఇనుప గొట్టమును అడుగుకు దించి, మీద నీరు నిలిపి ప్రేల్చినాడు. రాయి బీటలువారి చమురు ఊట పెరిగినది. ఆ ఏడు ఏప్రిల్‌లో పేటెంటు లభించినది. 1866లో, అంతవరకు చుక్క చమురైనా ఇవ్వని వుడిన్ బావి మొదటి ప్రేలుడుతో రోజుకు 20 పీపాలు, రెండవదానితో 80 పీపాలు ఇవ్వసాగినది. సందేహించినవారు సైతం ఆయన వాకిట నిలిచినారు.

కీర్తి వెంట కలహమూ వచ్చినది. ఒక్కొక్క ప్రేలుడుకు 100 నుండి 200 డాలర్లు, పెరిగిన చమురులో పదిహేనవ వంతు ఆయన వసూలు చేసేవాడు. అంత చెల్లించలేనివారు, చెల్లించ నిష్టపడనివారు, రాత్రివేళ రహస్యంగా నైట్రోగ్లిసరిన్ తెచ్చి బావులు ప్రేల్పించుకొనేవారు. ఆ పని చేసేవారిని మూన్‌లైటర్లని పిలిచేవారు. చిన్న కుదుపుకే ప్రేలే ఆ ద్రవమును చీకటిలో మోసికొనిపోతూ కొందరు ప్రాణాలు కోల్పోయినారు. రాబర్ట్స్ గూఢచారులను నియమించి, న్యాయస్థానాలలో ఎన్నో వ్యాజ్యాలు నడిపి, అపారమైన ధనం వెచ్చించినాడు. తీర్పులు ఆయన హక్కును నిలబెట్టినవి. కాని చిన్న బావుల యజమానుల మనస్సులను గెలువలేకపోయినవి.

1881 మార్చి 25న టైటస్‌విల్‌లోనే ఆయన కన్నుమూసినాడు. 1947లో కాన్సాస్‌లోని హ్యూగోటన్ వాయుక్షేత్రంలో, ప్రేలుడుకు బదులు ద్రవపు ఒత్తిడితో రాతిని చీల్చే ప్రయోగం జరిగినది. 1949 నుండి ఆ పద్ధతి వాణిజ్యరంగంలో ప్రవేశించి, పాత క్షేత్రాల నుండి మరల చమురును, వాయువును రాబట్టడానికి తోడ్పడినది. సాధనం మారినను, రాతిని తెరచి ఊటకు దారి చేయడమన్న మూలసూత్రం రాబర్ట్స్ చూపినదే.

నూతన కల్పన చేసినవానికి ప్రతిఫలం దక్కడం న్యాయమే. ఆ ప్రతిఫలం సామాన్యునకు అందరాని వెల అయినప్పుడు అతడు ప్రాణాపాయపు దారి త్రొక్కుతాడన్నది కూడ సత్యమే. విజ్ఞానశాస్త్రం అభ్యసించే విద్యార్థి రాబర్ట్స్ జీవితం నుండి ఈ రెండింటిని గ్రహింపవలసియున్నది.